వాతావరణం అనుకూలించనందున

మైకు కట్టేశాక కూడా ఆమె గొంతు ఆ హాల్లో కాసేపు తిరుగుతూనే ఉంది. వాతావరణం అనుకూలించనందున ఉదయం విమానం ఆలస్యంగా బయలుదేరుతుంది, ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. చింతిస్తున్నాము దగ్గర గొంతు కొంచెం దించాలి, సొంతవాళ్ళెవరికో ఒంట్లో బాగాలేదన్నట్టు. ఆ దించడం ఎవరూ నేర్పలేదు, చెప్పగా చెప్పగా దానంతటదే పట్టుబడింది. అద్దాల గోడకవతల ఆకాశం ఉతికి ఆరేసిన బట్టలా ఉంది, భూతద్దం పెట్టి వెతికినా మబ్బుతునక దొరకదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తలలెత్తి ఆ ఆకాశాన్ని చూశారు, తర్వాత కౌంటరు వెనకున్న ఆమెను చూశారు, తర్వాత బుద్ధిగా తలలు దించుకున్నారు. అదీ మనుషుల తెలివి. కళ్ళకు కనిపించేది అబద్ధం, స్పీకర్లో వినిపించేది నిజం. చెవిలో పువ్వు పెడతామంటే పువ్వు ఏ రంగని కూడా అడగరు, చెవి ఇటు తిప్పి కూర్చుంటారు. ఇలాంటివాళ్ళని మోసం చెయ్యడంలో గొప్పేముంది, మోసం చెయ్యకపోతేనే వాళ్ళు నొచ్చుకునేలా ఉన్నారు అనుకుంది ఆమె, కంప్యూటర్ మీద దుమ్ము చీర కొంగుతో తుడుస్తూ.

తల దించుకున్నవాళ్ళలో ఆమె భర్త కూడా ఉన్నాడు. అద్దం పక్కన చివరి కుర్చీలో, ఒళ్ళో సంచీ, సంచీలో ఫ్లాస్కు, ఫ్లాస్కు మూత ఊడుతుందేమోనని దాని మీదొక చెయ్యి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెయ్యి ఎప్పుడూ ఏదో ఒక మూత మీదే ఉంటుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని, పొద్దస్తమానం ఇప్పుడు బాగా కనిపిస్తోందా, పోనీ ఇప్పుడో అని అడుగుతూ అద్దాలు మారుస్తాడు, ఎదుటివాడు ఏదంటే అదే రాసుకుంటాడు. కూరలవాడు తాజావంటే తాజావే, పక్కింటాయన రేపంటే రేపే. నవ్వాల్సిన మాటకి అందరూ నవ్వేశాక నవ్వుతాడు. చెడ్డవాడా అంటే కాదు, చెడ్డవాడైతే కనీసం పోట్లాడ్డానికైనా పనికొచ్చేవాడు. ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగలనని ఆమెకు తన మీద తనకు గట్టి నమ్మకం, ఈయన విషయంలో ఆ శ్రమ కూడా అక్కర్లేదు, లెక్కపెట్టడానికి లోపలేముంది, పైకి కనిపించేదే అంతా. ఇవాళ మాత్రం ఆ చెయ్యి మూత మీద ఊరికే లేదు, వేళ్ళు కదులుతున్నాయి. అవతల ఊళ్ళో ఆసుపత్రిలో ఆయన తల్లి ఉంది. గుండెకి ఆపరేషను. మధ్యాహ్నం లోపలికి తీసుకెళ్తారు. బయటికి వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు, మా పెద్దాణ్ణి చూశాకే లోపలికొస్తానని మంచం పట్టె పట్టుకుని కూర్చుందట ఆవిడ. రోడ్డు మీద పోతే కొండలన్నీ చుట్టుకుని పొద్దు గూకాక చేరతారు. విమానమైతే అరగంట.

విమానం ఎదురుగానే ఉంది మరి. అద్దానికవతల ఎండలో నిలబడి ఉంది, రెక్కలు రెండూ ఉన్నాయి, ఇంజన్లు రెండూ ఉన్నాయి, ఎక్కాల్సినవాళ్ళు ఇక్కడున్నారు, నడపాల్సినవాడు అక్కడ నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. లేనిదల్లా చైర్మన్ గారి అనుమతి. చైర్మన్ గారు ఒకప్పుడు పరుపులు అమ్మేవాడు. పరుపులమ్మడం తప్పేం కాదు, నిద్ర అందరికీ కావాలి, కానీ పడుకోబెట్టేవాడికి ఎగరేసే బుద్ధి ఎందుకు పుట్టాలి? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. కంపెనీ అచ్చేయించిన రంగురంగుల ప్రచార పుస్తకంలో రెండు విమానాలుంటాయి, ఒకటి రోజువారీ ప్రయాణికులకట, రెండోది చార్టర్లకట, అంటే డబ్బున్నవాళ్ళు మొత్తం విమానాన్ని అద్దెకి తీసుకుని పోవడానికి. ఆ రెండోది ప్రహరీ గోడ పక్కన ఏడాదిగా నిలబడే ఉంది, దాని భాగాలు ఒక్కొక్కటే ఊడదీసి మొదటిదానికి పెట్టారు, ఇప్పుడు దాని కడుపులో పావురాలు కాపురముంటున్నాయి. కాబట్టి రోజువారీ విమానమూ ఇదే, చార్టరూ ఇదే. తేడా అల్లా సీటు కవర్లు. రోజువారీ జనానికి బూడిదరంగు గుడ్డ, చార్టరు వాళ్ళకి మెరూన్ మఖమలు, తల ఆనేచోట బంగారు దారంతో కంపెనీ గుర్తు. కవరు మారిస్తే పరుపు మారినట్టేనమ్మా అంటాడాయన, జీవితం మొత్తం పిండి తీసిన సారంలాగా, ఆ మాట అన్నప్పుడల్లా టేబుల్ మీద అరచేత్తో ఒకసారి నొక్కి చూస్తాడు, ఎంత మెత్తగా ఉందోనని. పైన పటారం, లోన లొటారం అన్నది ఎవరో ఈయన్ని చూసే కట్టి ఉంటారు.

ఇప్పుడూ అదే జరుగుతోంది. శుభ్రం చేసే ఇద్దరాడవాళ్ళు బూడిదరంగు కవర్లు మూటకట్టి మెట్లమీంచి దించుతున్నారు, మఖమలు మూట ఎక్కిస్తున్నారు. హాల్లో వాళ్ళందరికీ అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. వాతావరణం బాగాలేకపోతే సీటు కవర్లెందుకు మారుస్తున్నారని ఒక్క తలకాయకీ తట్టదు. పొద్దున్నే ఆమె తాళం తీసేసరికి చైర్మన్ గారి ఫోను వచ్చింది, టైల్స్ ఆయన కుటుంబం ప్రయాణమమ్మా, కొత్త షోరూము ప్రారంభోత్సవం, మన మొదటినుంచీ ఉన్న కస్టమరు, వాతావరణం పెట్టెయ్యండి. పెట్టెయ్యండి అంటాడు, పప్పులో ఉప్పు పెట్టెయ్యమన్నట్టు. రిపేరు అంటే జనం భయపడతారు, ఆలస్యం అంటే తిడతారు, వాతావరణం అంటే పైకి చూసి నోరు మూసుకుంటారు, ఇది ఆయన సిద్ధాంతం, సిద్ధాంతం కరెక్టే కావడం ఆమెకు మరీ ఒళ్ళుమంట. సరేనండి అంది. ఆ విమానం ఎక్కాల్సినవాళ్ళలో తన భర్త ఉన్నాడని అనలేదు. అనడానికి నోరు తెరవలేదు, తెరవబుద్ధి కాలేదు.

కిందటేడు అత్తగారికి మొదటిసారి గుండెనొప్పి వచ్చినప్పుడు ఆమె ఆ మనిషిని సెలవు అడిగింది. రెండంటే రెండు రోజులు. గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. తన తల్లి పోయిన రోజు కూడా దుకాణం ఎలా తెరిచిందీ, ఆ రోజు ఎన్ని దిళ్ళు అమ్మిందీ కళ్ళనీళ్ళతో చెప్పాడు, కళ్ళనీళ్ళు తల్లికో దిళ్ళకో ఆమెకు అర్థం కాలేదు. సెలవిచ్చాడు, ఇవ్వకేం. తర్వాత మీటింగులో అందరి ముందూ మన మేడమ్ గారిది చాలా మెత్తని మనసండీ, మన కంపెనీ ఒక కుటుంబం, కుటుంబంలో ఒకరికి బాగాలేకపోతే మిగతావాళ్ళం మోస్తాం అని చప్పట్లు కొట్టించాడు. చప్పట్లు! జీతం పెంచినవాడికి కూడా ఎవరూ అంత గట్టిగా కొట్టరు. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, ఈ పరుపులవాడి ముందు మళ్ళీ గొంతు దించనని. దించనూ లేదు. సరేనండి, అలాగేనండి, అయిపోయిందండి, ఈ మూడు మాటలతోనే నెట్టుకొస్తోంది, మూడింట్లోనూ గౌరవం ఉంది, ఒక్కదాంట్లోనూ మర్యాద లేదు, ఆ సంగతి ఆయనకి తెలియకపోవడమే ఆమెకున్న వినోదం.

అత్తగారికైతే తెలిసిపోయేది. ఆవిడ దగ్గర ఈ ఆటలు సాగవు. ఆ మహాతల్లి నోరు కత్తి, కాపురానికొచ్చిన మొదటివారమే నీ వంట బాగుందే, ఉప్పూ కారం వేస్తే ఇంకా బాగుంటుంది అన్న మనిషి. ఇద్దరూ ఒకరినొకరు కొరుక్కుని తినేస్తారని చుట్టాలంతా ముచ్చటపడి కాచుకున్నారు. అలా ఏం జరగలేదు. ఇద్దరూ పెరట్లో కూర్చుని వచ్చిపోయిన ప్రతి చుట్టాన్నీ ఉతికి ఆరేసేవాళ్ళు, ఆ ఇంట్లో ఆమెకి సరిజోడు మొగుడు కాదు, అత్తగారే. ప్రపంచంలో ఆమె చిన్నచూపు చూడని మనిషి ఎవరైనా ఉంటే ఆవిడ ఒక్కతే. ఒకసారి ఊరెళ్ళడానికి ఇక్కడికొచ్చినప్పుడు ఆమె మైకులో మాట్లాడటం విని, పక్క కుర్చీలో ముక్కూ మొహం తెలియని ఆవిడతో, మా కోడలండీ, అది ఆగమంటే విమానం కూడా ఆగుతుంది అంది. ఆగమంటే ఆగుతుంది. ఆగింది కదా మరి. ఆమె చెయ్యి మౌసు మీద ఊరికే ఉండిపోయింది, వెంటనే కోపం వచ్చింది, కోపమైతే అలవాటే, కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలుసు.

కెప్టెను నీడ వదిలి లోపలికొచ్చాడు. పెద్ద కంపెనీలో పెద్ద విమానాలు నడిపి, రిటైరై, ఇంట్లో తోచక ఈ కొలువులో చేరినవాడు, నాలుగు చారలున్న చొక్కా ఇంకా గంజిపెట్టి తొడుగుతాడు. ఎవరికోసమో? పావురాల కోసం. కౌంటరు మీద మోచెయ్యి ఆనించి గొంతు తగ్గించాడు.

"టైల్సు వాళ్ళు ఇంకా ఇంట్లోనే ఉన్నారట మేడమ్. వాళ్ళావిడ తయారవలేదట. ఈలోపు మనవాళ్ళని దింపేసి వచ్చేస్తాను. కవర్లదేముంది, అవే ఉంచుదాం, మనవాళ్ళూ ఓసారి మఖమలు మీద కూర్చుంటారు. చైర్మన్ గార్ని ఒక్క మాట అడగండి."

"మీరే అడగొచ్చుగా."

"నేనడిగితే పెట్రోలు ఖర్చు అంటాడు. మీరడిగితే కాదనడు. మీ గొంతుకి ఎవరైనా ఒప్పుకోవాల్సిందే."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. చైర్మన్ గారి పేరు తెర మీద వెలిగింది, పక్కనే నవ్వుతున్న ఫోటో. ఏమని అడగాలి? సార్, ఇవాళ మావారు. సార్, మా అత్తగారు. ఆ సార్ దగ్గరే దిగాలి గొంతు, దిగకపోతే ఆయన వినడు, దిగిందంటే వదలడు. అయ్యో, ముందే చెప్పొద్దూ అమ్మా అంటాడు. పంపిస్తాడు, తప్పకుండా పంపిస్తాడు, పంపించి, రేపటి మీటింగులో కుటుంబం అంటాడు, చప్పట్లు కొట్టిస్తాడు, మన మేడమ్ అత్తగారి కోసం విమానాన్నే పంపించాం అని ఆ రంగుల పుస్తకంలో అచ్చేయిస్తాడు, అత్తగారి ఫోటో కూడా అడుగుతాడు. ఛీ. ఆవిడ చూస్తే ఊరుకుంటుందా? ఆ పరుపులవాడి దయతో వచ్చాడట్రా నా కొడుకు అనదూ? అనదేమో. ఇప్పుడు అనదేమో. మంచం పట్టె పట్టుకుని కూర్చుందట. అయినా టైల్సువాళ్ళు వచ్చి పోయాక కూడా టైముంటుంది, డాక్టర్లన్నాక కాస్త అటూ ఇటూ చేస్తారు, వాళ్ళదీ వాతావరణమే. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం రోజూ దించే గొంతు, ఇవాళ సొంతమనిషి కోసం ఒక్కసారి దించడానికి ఆమెకు ప్రాణం మీదికి వచ్చింది. ఫోనుని కౌంటరు మీద బోర్లా పెట్టేసింది. తలెత్తితే చివరి కుర్చీలో ఆయన ఆమెనే చూస్తున్నాడు. చూస్తున్నవాడు కాస్తా నవ్వాడు, ఫ్లాస్కు ఎత్తి చూపించాడు, టీ తాగుతావా అని. తల అడ్డంగా ఊపింది. టీ అట. ఈ మనిషికి తల్లి కంటే టీ ముఖ్యం అనుకుంది, అనుకోవడం తేలికగా ఉంది కాబట్టి.

ముందు వరసలో ఒక కుర్రాడు, మెళ్ళో ఇయర్‌ఫోన్లు, అందరికంటే కొంచెం తెలివైనవాడు కావాలి, లేచి నిలబడి తన ఫోను నలుగురికీ చూపిస్తున్నాడు. "ఇక్కడా క్లియరే, అక్కడా క్లియరే. ఏ వాతావరణమండీ ఇది? మనల్ని వెధవల్ని చేస్తున్నారు." జవాబుపత్రాల కట్ట ఒళ్ళో పెట్టుకున్న టీచరమ్మ అవునవునంది. గుసగుస మొదలైంది. ఆమెకు లోపల సంతోషం లాంటిది కలిగింది, అమ్మయ్య, ఒక్కడైనా పుట్టాడు ఈ మందలో, రా నాయనా, వచ్చి అడుగు, అడిగితే ఏం చెప్తానో నాకే చూడాలని ఉంది. కానీ కుర్రాడు కౌంటరు దాకా రాలేదు. మధ్యలో ఆయన లేచాడు. సంచీ భుజాన వేసుకుని, మూత మీద చెయ్యి తియ్యకుండా.

"అలా కాదు బాబూ. మనకి కనిపించేది మన నెత్తి మీద ముక్కే కదా. పైన గాలులవీ వేరే ఉంటాయి. మా ఆవిడ ఇక్కడే పనిచేస్తుంది, తను ఊరికే చెప్పదు. నాకూ అర్జంటే. మా అమ్మకి ఆపరేషను. అయినా తను ఆగమందంటే ఆగాల్సిందే."

కుర్రాడు ఆయన్ని చూసి, సంచీని చూసి, సారీ అంకుల్ అని కూర్చున్నాడు. టీచరమ్మ అయ్యో పాపం అంది. గుసగుస ఆగిపోయింది. ఆమెకు ఒళ్ళంతా చీదర పుట్టింది. ఇదెక్కడి మనిషి! ఈ వాతావరణం బాగోతం రోజూ భోజనాల దగ్గర చెప్పి నవ్వేది తను కాదూ, మెరూన్ కవర్ల సంగతీ, పావురాల సంగతీ, చింతిస్తున్నాము దగ్గర గొంతు దించడం ఆయన ముందే చేసి చూపించలేదూ, తను నవ్వేశాక ఆయనా నవ్వలేదూ? ఆ చెవిన విని ఈ చెవిన వదిలేసి, ఇవాళ తల్లి ప్రాణం మీద ఒట్టేసి మరీ నమ్ముతాడా? నమ్మేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. నమ్మి, ఆ నమ్మకాన్ని పక్కవాడికి కూడా పంచిపెట్టే రకాన్ని ఇంట్లోనే పెట్టుకుని ఇన్నాళ్ళూ సరిగ్గా చూడలేదు.

టైల్సువాళ్ళు వచ్చారు. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత వాళ్ళు. టైల్సాయన, వాళ్ళావిడ, ఇద్దరు బావమరుదులు, ఫోటోలు తీసేవాడు, ఒక కుక్క. కుక్కకి సీటుంది. సెక్యూరిటీ దగ్గర గొడవ, ఎందుకంటే వాళ్ళావిడ చేతిసంచీలో రిబ్బను కత్తిరించే కత్తెర ఉంది, మూరెడు పొడుగు, బంగారు పూత, పిడికి పట్టు కుచ్చు. లోపలికి కత్తెర తీసుకెళ్ళకూడదు. అది మామూలు కత్తెర కాదు, ప్రారంభోత్సవం కత్తెర అంటుంది ఆవిడ. కత్తిరించేదైతే కత్తెరే అంటాడు సెక్యూరిటీ. చైర్మన్ గారికి ఫోన్ చెయ్యండి అంటాడు టైల్సాయన. ఈ తగువు ఎంతసేపు సాగిందంటే, ఈలోగా విమానం పోయి వచ్చి మళ్ళీ పోయి ఉండేది. ఒక రిబ్బను ముక్క రెండు ముక్కలు కావడానికి వీళ్ళు వెళ్తున్నారు. దారంతా మఖమలు. ఆమె లేచి వెళ్ళింది, చక్కగా నవ్వింది, కత్తెర సామాన్లలో వేయించింది, కుక్కకి కూడా శుభప్రయాణం చెప్పింది. అద్దానికవతల మెట్లెక్కుతుంటే ఫోటోలవాడు వెనక్కి నడుస్తూ ఫోటోలు తీశాడు. కెప్టెను మెట్ల దగ్గర నిలబడి అద్దంలోంచి ఆమె వైపు ఒకసారి చూశాడు, చూసి టోపీ సర్దుకున్నాడు.

విమానం పరుగెత్తింది, లేచింది, ఆ నీలంలో ఎక్కడా ఏదీ తగలకుండా పైకి పోయింది. హాల్లో తలలన్నీ దాని వెంట తిరిగాయి. "మరి అదెలా వెళ్ళింది మేడమ్?" అన్నాడు కుర్రాడు, ఈసారి మెల్లగా. దీనికీ జవాబుంది, ఎప్పటినుంచో ఉంది. "అది వేరే దిక్కుకండీ. అటువైపు బాగానే ఉంది." కుర్రాడు తలూపాడు. ఊపడా మరి.

ఆయన ఫోను మోగింది. అద్దం వైపు తిరిగి మాట్లాడాడు, ఊఁ అన్నాడు, ఇంకోసారి ఊఁ అన్నాడు. "లేదమ్మా, ఇంకా ఇక్కడే. వాతావరణం. మీ వదినేం చేస్తుంది, దాని చేతుల్లో ఏముంది." చెల్లెలన్నమాట. ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నడిచి కౌంటరు దగ్గరికి వచ్చాడు, ప్రయాణికులు వచ్చే వైపు నుంచే, వరసలో నిలబడేవాడిలా.

"లోపలికి తీసుకెళ్ళిపోయారట. ఇంక ఆగలేమన్నారట. చివరిదాకా తలుపు వైపే చూసిందట."

ఆమె కౌంటరు మీదికి వంగింది. చెప్పెయ్యాలి, ఇప్పుడైనా. "ఏమండీ. వాతావరణం ఏం లేదు."

"తెలుసులే."

"తెలుసా?"

"నాకు కళ్ళు లేవుటే? రోజూ అన్నాల దగ్గర చెప్తూనే ఉంటావుగా."

"మరి ఆ కుర్రాడితో అలా అన్నారేం?"

"నలుగురిలో నిన్ను అబద్ధాలకోరంటుంటే ఎలా ఊరుకోను?" ఫ్లాస్కు తీసి కౌంటరు మీద పెట్టాడు, మూత ఒకసారి బిగించాడు. "ఆ కెప్టెను ఏదో చెప్పి వెళ్ళాక నువ్వు ఫోను తీసుకున్నావు. మీ చైర్మన్ని అడుగుతున్నావు కాబోలనుకున్నాను. అడిగావా?"

పేగులు లెక్కపెట్టే మనిషికి ఒక్క పేగూ దొరకలేదు. ఆయన మొహంలో కోపం లేదు, ఆరా లేదు, ఊరికే అడుగుతున్నాడు, ఇప్పుడు బాగా కనిపిస్తోందా అని అడిగినట్టు. ఇన్నేళ్ళూ తను ఎవరిని చూసి నవ్విందో, ఆ మనిషి తన నవ్వంతా చూస్తూ, ఆఖరున నవ్వుతూ, తనని నలుగురిలో పడిపోకుండా పట్టుకుంటూ ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది, తెలిసి సిగ్గేసింది, ప్రాణం పోయేంత సిగ్గు. లేదండీ, అడగలేదు అనాలి. రెండు మాటలు. అవి గొంతు దాకా వచ్చాయి.

"అడిగాను. ఎంత చెప్పినా ఒప్పుకోలేదండీ."

ఒప్పుకోలేదు దగ్గర గొంతు సరిగ్గా ఎంత దిగాలో అంత దిగింది. ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. కౌంటరు మీద ఇందాకటినుంచీ బోర్లా పడి ఉన్న ఫోనుని చూశాడు. తర్వాత బుద్ధిగా తల దించుకున్నాడు.

"పోనీలే," అన్నాడు. "అమ్మ బయటికొచ్చాక అడుగుతుంది. అమ్మకి మాత్రం వాతావరణమనే చెబుదాం."